కిలో ప్లాస్టిక్‌కు కిలో బియ్యం సరే... కుప్ప ఎత్తేదెవరు?

ములుగు: పాల ప్యాకెట్లు, నూనె కవర్లు, నీళ్ళ సీసాలు, పగిలిన బకెట్లు మూటగట్టి తెస్తే అంతే తూకం బియ్యం చేతికొచ్చిన రోజులు ములుగు జిల్లా చూసింది. 2019 అక్టోబరు 16 నుంచి 26 దాకా అప్పటి కలెక్టరు సి.నారాయణరెడ్డి చొరవతో జిల్లాలోని 174 గ్రామ పంచాయతీలలో ఈ కార్యక్రమం నడిచింది. ఒక పక్క కాంటా, మరో పక్క బియ్యం బస్తా. పది రోజుల్లో టన్నులకొద్దీ ప్లాస్టిక్ పోగయింది. మారుమూల అడవి జిల్లాలో జరిగిన ఈ సంగతి పత్రికలకు ఎక్కడం విశేషం.

జిల్లా ఏర్పడిందే ఆ ఏడు ఫిబ్రవరి 17న. మరో నాలుగు నెలల్లో, అంటే 2020 ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు మేడారం సమ్మక్క సారలమ్మ జాతర. అంత జనం అడవిలోకి వచ్చిపోయాక జంపన్న వాగు ఒడ్డున, చెట్ల కింద ఏమేమి మిగులుతాయో తాడ్వాయి మండలం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అమ్మవార్లకు ఎత్తు బంగారమని నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చే ప్రాంతంలో, అదే తరహాలో చెత్తను తూచి బియ్యం ఇవ్వడం జనానికి వెంటనే అర్థమైంది.

వేళ కూడా కలిసివచ్చింది. ఆ ఏడు దసరా అక్టోబరు 8న, దీపావళి 27న పడ్డాయి. రెండు పండుగల మధ్య ఇళ్ళు దులిపి, అటకల మీది సామాను దించి, పనికిరానిది బయట పారేసే రోజులవి. ఎలాగూ పారేసేదానికి బియ్యం వస్తాయంటే ఎవరు వద్దంటారు? ఊళ్ళో ఇలాంటి కార్యక్రమం పెట్టదలచినవారు ముందుగా పంచాంగం చూసుకోవాలనడానికి ఇది ఉదాహరణ. నాట్ల రోజుల్లోనో, మిరప ఏరే రోజుల్లోనో పెడితే కాంటా దగ్గర పంచాయతీ కార్యదర్శి తప్ప మరొకరు కనిపించరు.

అయితే కిలో ప్లాస్టిక్ అంటే మాటలు కాదు. అంగట్లో ఇచ్చే పలచటి కవరు ఒకటి అయిదు గ్రాములు తూగుతుందనుకున్నా, కిలో కావాలంటే 200 కవర్లు ఏరాలి. లీటరు నీళ్ళ సీసాలైతే నలభై, యాభై కావాలి. ఒక ఇంట్లో ఇన్ని వుండవు. ఇల్లు ఊడ్చి, వాకిలి ఊడ్చి, మురుగుకాల్వ వెదికి, బడి వెనక పొదలు గాలిస్తే తప్ప కిలో తూగదు. ఈ పథకం కిటుకంతా ఇందులోనే వుంది. ఇంట్లోది అమ్మించడం కంటే వీధిలోది ఏరించడం దీని అసలు ఫలితం.

ఇక బియ్యం సంగతి. ఆనాడు రేషను షాపులో బియ్యం కిలో రూపాయికే ఇచ్చేవారు. అయినా జనం వచ్చారు. కాంటాలో వేసినదానికి కళ్ళ ముందే సరితూకం చేతికి రావడమే ఇందుకు కారణమని అనుకోవాలి. కాని బజారులో కిలో బియ్యం కొనే ధరకు, పాత సామాను వ్యాపారి కిలో కవర్లకు ఇచ్చే ధరకు ఎక్కడా పొంతన లేదు. చాలాచోట్ల కవర్లను వ్యాపారి ముట్టుకోడు కూడా. ఆ తేడాను దాతలు భరించాలి. అందువల్ల ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి జరిపే పండుగగా ఇది బాగుంటుంది గాని, నెలనెలా జరపాలంటే వేరే దారి చూసుకోవలసిందే.

మార్పిడి బేరం కొత్తది కాదు

నిజానికి పాతది ఇచ్చి కొత్తది తీసుకోవడం మన ఊళ్ళకు ఎప్పటినుంచో వున్న అలవాటే. పాత చీరలకు, ప్యాంట్లకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళు నెత్తిన గంపతో వీధి వీధీ తిరుగుతారు. ఇనప ముక్కలకు, పాత చెప్పులకు ఉల్లిగడ్డలు కొలిచే సైకిలు వ్యాపారి వస్తాడు. ఖాళీ సీసా ఇచ్చి ఐస్‌ఫ్రూటు తిన్న తరం వాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. చివరకు దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలకు సైతం పిన్నీసులు, బుగ్గలు ఇచ్చి కొనుక్కుపోయేవారు వున్నారు. అవి సవరాలకు పోతాయి. రీసైక్లింగ్ అన్న మాట తెలియని రోజుల్లోనే ఈ పని జరుగుతూ వచ్చింది. బీరుసీసా రోడ్డు మీద పగలకుండా పడివుంటే మధ్యాహ్నానికల్లా మాయమవుతుంది. దానికి వెల వుంది మరి. ఈ పత్రిక కూడా రేపటికి మిర్చిబజ్జీ పొట్లమయ్యేదే. (అచ్చు సిరా తినే వస్తువులకు తగలడం మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. వినేవారు తక్కువ.)

ఊరి చెత్తకుప్పను ఒక్కసారి పరకాయించి చూస్తే ఒక సంగతి తేలుతుంది. అందులో ఇనుము వుండదు, అల్యూమినియం వుండదు, మంచి బకెట్టు ముక్క వుండదు, అట్టపెట్టె వుండదు. వ్యాపారి సంచిలోకి ఎక్కనివే కుప్పలో మిగులుతాయి. పలచటి కవర్లు, షాంపూ పొట్లాలు, గుట్కా పొట్లాలు, చిప్స్ ప్యాకెట్లు, పెళ్ళిభోజనాల గ్లాసులు, థర్మాకోలు ముక్కలు. వీటిలో చిప్స్, గుట్కా పొట్లాలు మరీ చిక్కు. వాటిలో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర అతుక్కుని వుంటాయి. ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం మామూలు కార్ఖానాల వల్ల కాదు. అందుకే వాటిని కరిగించి వస్తువు చేసేవారు లేరు, కొనేవారూ లేరు.

కాబట్టి ఊళ్ళో ఒకరోజు సేకరణ పెడుతున్నామంటే, వ్యాపారి వదిలేసిన ఈ సరుకు కోసమే పెడుతున్నట్టు లెక్క. ఇనుము, సీసాల కోసం అయితే ఇంత హడావిడి అక్కరలేదు. ఆ పని ఉల్లిగడ్డల వ్యాపారే చూసుకుంటాడు.

పశువు కడుపులోకి

ఎత్తకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం పశువుల డాక్టర్లను అడిగితే తెలుస్తుంది. ఇంటావిడ మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవరులో వేసి ముడివేసి పారేస్తుంది. ఆవు ముడి విప్పలేదు. వాసన పట్టి కవరుతో సహా మింగుతుంది. మింగిన కవరు అరగదు, ముందుకు పోదు. మొదటి పొట్టలోనే చిక్కుకుని, ఒకదానికొకటి పెనవేసుకుని ఉండలు కడుతుంది. పైకి పొట్ట నిండుగా కనిపిస్తుంది, లోపల మేతకు చోటు వుండదు. పాలు తగ్గుతాయి, చివరకు పశువు పడిపోతుంది. పక్కడొక్క కోసి తీయడం ఒక్కటే మార్గం.

అనంతపురం జిల్లాలో వుండగా పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఇలాంటి ఆవులకు ఆపరేషన్లు చేయించింది. ఒక్కొక్క ఆవు కడుపులోంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. ఆ సంస్థవారే 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళి ప్లాస్టిక్ కవర్ల మీద పిటిషను వేశారు. అదే ఏడు ఈ విషయంపై ‘ది ప్లాస్టిక్ కౌ’ అనే డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది. బర్రె మీద బతికే కుటుంబానికి ఇది పర్యావరణం గురించిన పెద్ద మాట కాదు. పాలకేంద్రంలో పోసే పాల మాట.

రెండోది పొగ. ఊడ్చిన చెత్తకు పొద్దున్నే అగ్గిపుల్ల గీసే అలవాటు ఇంకా పోలేదు. ఆకులు కాలితే బూడిద మిగులుతుంది. పీవీసీ పైపు ముక్కలు, రెక్సిను గుడ్డలు కాలితే క్లోరిన్‌తో కూడిన విషవాయువులు లేస్తాయి. అది ముందుగా పీల్చేది నిప్పు పెట్టిన పారిశుద్ధ్య కార్మికుడే. కష్టపడి ఒకచోట చేర్చిన కుప్పను ఎత్తేవారు లేక అదే చోట తగలబెడితే, ఊరంతా చెదిరివున్న విషాన్ని ఒకచోటికి చేర్చి పీల్చినట్టే.

ముందు కొనేవాణ్ణి అడగాలి

ఇక్కడే చాలా కార్యక్రమాలు బోల్తా పడుతున్నాయి. బ్యానరు కడతారు, ర్యాలీ తీస్తారు, పిల్లల చేత ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటోలు దిగుతారు. సాయంత్రానికి ట్రాలీ నిండుతుంది. మర్నాడు ఆ ట్రాలీ ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించి వుండరు. రెండు రోజులు చూసి ఊరి బయట గుంతలో దింపుతారు. గాలివాన వస్తే సగం కవర్లు మళ్ళీ పొలాల్లోకి వస్తాయి.

వ్యవహారం తెలిసినవారు చేసేది ఇందుకు తలకిందులుగా వుంటుంది. చాటింపు వేయించడానికి ముందే మండల కేంద్రంలోనో, హన్మకొండ, వరంగల్‌లలోనో వున్న పాత సామాను వ్యాపారులతో మాట్లాడతారు. ఏ రకం తీసుకుంటారు, ఏ రకం వద్దంటారు, ఎంత పోగయితే బండి పంపుతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాయించుకుంటారు. ఆ జవాబును బట్టే ఊళ్ళో ఎన్ని గోనెలు పెట్టాలో తేలుతుంది.

వ్యాపారి దృష్టిలో ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. నీళ్ళ సీసాలు వేరు, బకెట్లు, మగ్గులు వేరు, పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు వేరు. వస్తువు అడుగున త్రికోణం గుర్తులో 1 నుంచి 7 వరకు అంకె వుంటుంది. రకం తెలిపేది అదే. నీళ్ళ సీసా మీద 1 వుంటుంది. గట్టి డబ్బాల మీద సాధారణంగా 2 గాని 5 గాని కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పూట చూపిస్తే పెద్దవాళ్ళకంటే వేగంగా వేరు చేస్తారు. కలిపి ఇస్తే అన్నిటికీ అడుగు ధర కడతారు, వేరుచేసి ఇస్తే దేని ధర దానికి వస్తుంది. కడిగి ఆరబెట్టని పాల ప్యాకెట్టు రెండో రోజుకే కంపు కొడుతుంది. అలాంటి మూటను విప్పడానికి ఎవరూ ముందుకు రారు. కాబట్టి చాటింపులో ‘ప్లాస్టిక్ తీసుకురండి’ అంటే చాలదు, ‘కడిగి, ఆరబెట్టి తీసుకురండి’ అని కూడా అనిపించాలి. తడి, మట్టి లేకుండా చూడడం తూకానికీ మంచిది. బియ్యానికి ఆశపడి కవర్లలో ఇసుక పోసి, సీసాల్లో నీళ్ళుంచి తెచ్చే గడుసువాళ్ళు ప్రతి ఊళ్ళోనూ వుంటారు.

మరో చిక్కు కిరాయి. ప్లాస్టిక్‌కు బరువు తక్కువ, మేర ఎక్కువ. ట్రాలీ అంచులదాకా సీసాలు నింపినా వడ్ల బస్తాలు నాలుగైదు వేసినంత బరువు రావడం కష్టం. ఏటూరునాగారం అవతలి ఊరినుంచి ఆ ట్రాలీ వరంగల్ దాకా పోతే డీజిలు ఖర్చుకే సరుకు డబ్బు చాలదు. సీసాలను తొక్కి చదును చేయడం, మూతలు తీసి వేరే సంచిలో వేయడం, కవర్లను గట్టిగా కుక్కి మోకులతో కట్టడం ఇందుకే. ఒక్క ఊరు కాక చుట్టుపక్కల అయిదారు ఊళ్ళవారు ఒకే వారంలో సేకరించి ఒకచోట చేరిస్తే వ్యాపారే లారీ పంపుతాడు. వాజేడు, వెంకటాపురం వంటి గోదావరి అవతలి మండలాలకు ఇది మరింత అవసరం.

ఎవరూ కొనని పొట్లాలకు కూడా రెండు దారులున్నాయి. ఒకటి సిమెంటు కొలిమి. 1400 డిగ్రీలకు మించిన వేడిలో బొగ్గుతోపాటు వీటినీ కాల్చవచ్చు. బయట కుప్పకు నిప్పు పెట్టినప్పుడు వచ్చే విషం ఆ వేడికి మిగలదు. రెండోది రోడ్డు. మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసరు ఆర్.వాసుదేవన్ కనిపెట్టిన పద్ధతిలో కవర్లను సన్నగా తరిగి, వేడి కంకర మీద చల్లితే కరిగి పూతలా పట్టుకుంటుంది. ఆపైన తారు కలుపుతారు. ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ రెండూ ఊరి స్థాయిలో అయ్యే పనులు కావు. మండల స్థాయిలోనో, జిల్లా స్థాయిలోనో తరిగే యంత్రం, సరుకు దాచే షెడ్డు వుండాలి. స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశలో మండలానికొక ప్లాస్టిక్ కేంద్రం పెట్టుకోవడానికి 16 లక్షల రూపాయల వరకు ఇచ్చే వీలు కల్పించారు. ఊళ్ళలో సేకరణకు దిగేముందు తమ మండలానికి అది వచ్చిందా లేదా అని ఎంపీడీవో ఆఫీసులో అడగడం మంచిది.

పంచాయతీకి ఇది అదనపు పుణ్యకార్యం కూడా కాదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు మొదటిసారిగా గ్రామాలకు కూడా వర్తించేలా వచ్చాయి. ప్లాస్టిక్‌ను వేరుచేయించి, సేకరించి, పంపించే బాధ్యత గ్రామ పంచాయతీల మీద పెట్టాయి. 2019 సెప్టెంబరు 6న మొదలైన 30 రోజుల కార్యాచరణ తర్వాత తెలంగాణ పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు సమకూరాయి, డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు లేచాయి. సాధనాలు అన్నీ వున్నాయన్నమాట. షెడ్డులో గదులు వేరువేరుగా కట్టినా ట్రాలీలో అంతా కలిపి తెచ్చి పోస్తే ఆ గదులెందుకో అర్థం కాదు.

వారం రోజుల పని ఎలా నిలబడుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. ములుగు ఇంకా వరంగల్ జిల్లాలో వున్న కాలంలో, 2012 అక్టోబరులో వరంగల్ నగరంలో ‘క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్’ పేరుతో వారంపాటు పోటీ జరిగింది. రాష్ట్రంలోని ఇతర పురపాలక సంఘాల సిబ్బంది బృందాలుగా వచ్చి ఇంటింటికీ తిరిగారు. తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఇంకో బుట్టలో ఇవ్వడం గృహిణులకు అలవాటు చేశారు. చూడడానికి పోటీయే గాని, అక్కడ నేర్పింది మర్నాడు పొద్దున్న కూడా చేయవలసిన పని. ఊళ్ళో జరిపే కార్యక్రమానికి కూడా ఆ కొలత పెట్టి చూడవచ్చు. పదకొండో రోజున ఆ ఇంటావిడ పాల ప్యాకెట్టును కడిగి పక్కన పెడుతోందా, పెరట్లోకి విసురుతోందా?

పురుగుమందు డబ్బాలతో జాగ్రత్త

మంగపేట, ఏటూరునాగారం, వెంకటాపురం ప్రాంతాల్లో మిరప ఎక్కువ. మిరప వున్నచోట మందు డబ్బాలూ ఎక్కువే. గట్టి ప్లాస్టిక్ కాబట్టి బాగా తూగుతాయి. బియ్యం ఇస్తామంటే ముందుగా వచ్చేవి ఇవేననడంలో సందేహం లేదు. వీటిని మిగతా ప్లాస్టిక్‌తో కలపరాదు. పిల్లల చేత అసలే ముట్టించరాదు. వాడేసిన మందు డబ్బాలను ఎలా వదిలించుకోవాలో 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల్లోనే వుంది. మళ్ళీ వాడకుండా పగలగొట్టాలని అవి చెబుతున్నాయి. మందు కలిపేటప్పుడే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పిచికారీ డ్రమ్ములోనే పోసి, అడుగున మేకుతో పొడవడం రైతు చేయగల పని. ఊళ్ళో ఖాళీ మందు డబ్బాతో నీళ్ళు ముంచుకునేవారు, కిరసనాయిలు దాచుకునేవారు ఇప్పటికీ లేకపోలేదు. సేకరణ జరిగేచోట వీటికి వేరే చోటు చూపించి, చేతులకు తొడుగులున్న పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, వ్యవసాయాధికారికి ముందే చెప్పి వుంచాలి. ఆసుపత్రి సూదులు, సెలైను గొట్టాల విషయమూ ఇంతే. వాటిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే అప్పగించాలి.

వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్ళ మీద, సఫాయి కార్మికుల మీద పడుతుంది. ఆ పూటకు వారికి కూలి కట్టకుండా ‘సేవ’ అని పేరుపెట్టడం చాలాచోట్ల కనిపించే అన్యాయం. కలెక్టరు వచ్చిన రోజున చీపురు పట్టిన పెద్దలెవరూ మర్నాడు షెడ్డులో కూర్చుని కవర్లు వేరుచేయరు. అలాగే జాతరల్లో, సంతల్లో సీసాలు ఏరి అమ్ముకుని పొట్టపోసుకునే వాళ్ళున్నారు. మేడారంలో జనం కదిలిపోతుండగానే వాళ్ళ పని మొదలవుతుంది. సేకరణ పేరుతో విలువైన సీసాలన్నీ పంచాయతీ తీసుకుని, విలువ లేని పొట్లాలు వాళ్ళకు వదిలితే వాళ్ళ కూడు పడగొట్టినట్టు. ఏ సరుకు ఏదో, ఏ వ్యాపారి ఎంత ఇస్తాడో వాళ్ళకు తెలిసినంతగా ఆఫీసుల్లో ఎవరికీ తెలియదు. వాళ్ళనే పిలిచి, కూలి కట్టి వేరుచేయిస్తే పని సగం తేలికవుతుంది.

లెక్క చెప్పాలి

ఇంకొకటి కూడా తగ్గుతోంది, అది వచ్చే సరుకు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోలు వంటివి దేశమంతటా నిషేధించారు. ఆ ఏడు డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువ మందం వున్న చేతిసంచులు కూడా అమ్మరాదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కాగితం మీద ఇది తగ్గినట్టే. అంగట్లో అమ్మే కోడిమాంసం కవరును వేలితో లాగిచూస్తే నిషేధం ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. దుకాణాల్లో తనిఖీ లేకుండా ఇళ్ళలో సేకరణ ఒక్కటే చేస్తే పనికి తుదీ మొదలూ వుండదు.

చివరకు డబ్బు. పది ట్రాలీల సరుకు అమ్మితే వచ్చేది పెద్ద మొత్తం కాకపోవచ్చు. అయినా అది ఎవరి చేతికి వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న అనుమానం ఒక్కసారి పుడితే, రెండోసారి చాటింపు వేసినా ఎవరూ సంచి ఎత్తరు. గ్రామైక్య సంఘం పేర అమ్మి, సంఘం ఖాతాలో వేసి, అందులోంచి వేరుచేసినవారి కూలి ముందుగా ఇవ్వడం మేలు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. సీసాలు ఇన్ని కిలోలు, పాల ప్యాకెట్లు ఇన్ని కిలోలు, కొన్న వ్యాపారి ఇచ్చిన చీటీ ఇది, ఎవరూ కొనక షెడ్డులో మిగిలిన గోనెలు ఇన్ని, వాటిని ఎత్తే బండి వచ్చే తేదీ ఇది అని ఆ సభలో చదివి, అదే కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. మిగిలిన గోనెల లెక్క మాత్రం తప్పించరాదు.